పసుపు తగిలిన జింక

కృష్ణవేణి చూపుడువేలు జింక చెవి లోపలికి దూరి, తోలుకీ దాని కింది మెత్తటి ఎముకకీ మధ్య దారి చేసుకుంటోంది. జాకెట్టు చెయ్యి కుట్టడం అయ్యాక లోపలి వైపు బయటికి తిరగేస్తారే, అదే పని. కాకపోతే ఇక్కడ గుడ్డ కాదు, తడి తోలు. తొందరపడితే కొసన చిల్లు పడుతుంది. ఇక్కడిదాకా చాల్లే అని వదిలేస్తే ఆ కాస్త చోటుకి ఉప్పు అందక, రేపు నీళ్ళలో వెయ్యగానే వెంట్రుకలు కుచ్చులుగా చేతికొస్తాయి. వేలు గోరంత ముందుకు జరిగింది, ఆగింది, మళ్ళీ జరిగింది. చెవి కొస చిరగకుండా బయటికొచ్చాక గాని ఆమె తల ఎత్తలేదు.

బల్లకి అవతల రే నొవాక్ నిలబడి గంటసేపటి నుంచి మాట్లాడుతున్నాడు. నేపర్‌విల్ నుంచి షికాగో వెళ్ళే రైల్లో ముప్పై ఒక్కేళ్ళు కండక్టరుగా చేసి రిటైరైన మనిషి. స్టేషన్ల పేర్లు అరిచి అరిచి గొంతు ఆ స్థాయిలోనే ఉండిపోయింది. గరాజ్‌లో మాట్లాడితే వంటింట్లో గిన్నెలు వింటాయి.

ఆయన చెప్పేదంతా ఈ జింక గురించే. పంతొమ్మిదేళ్ళుగా ప్రతి నవంబరులో తుపాకీ భుజాన వేసుకొని అడవికి వెళ్ళడం, వట్టి చేతులతో తిరిగి రావడం. ఊరవతల డైనర్ అని ఒక చిన్న హోటలు ఉంది. వేటకి వెళ్ళే స్నేహితులు తొమ్మిదిమంది శనివారం పొద్దున్నే అక్కడ చేరి గుడ్లూ కాఫీ తీసుకుంటారు. గోడ మీద ఎనిమిది మందివి ఎనిమిది జింక తలలు. తొమ్మిదో చోట రే పేరు చెక్కిన ఖాళీ చెక్క. దాని కింద ఎవరో చాక్‌పీసుతో ‘ఇక్కడ గాలి ఉంది, ముట్టుకోరాదు’ అని రాశారు. ఆయన ప్రతి శనివారం తుడుస్తాడు, మళ్ళీ శనివారానికి మళ్ళీ ఉంటుంది.

ఈ జింకని ఆయన మూడేళ్ళుగా ఎరుగును. చెట్టుకి కట్టిన కెమెరాలో అప్పుడప్పుడు కనిపించి మాయమయ్యేది. ఈ నవంబరులో ఆయన తుపాకీకి దొరికింది. ఇక్కడి జింకలన్నిటికీ గొంతు కింద ఒక తెల్ల మచ్చ ఉంటుంది. దీనికి రెండున్నాయి, నడుమ వేలెడు గోధుమరంగు గీతతో, రెండు పేటల ముత్యాల గొలుసు వేసినట్టు. కొమ్ములు గొప్పవేం కావు. కానీ ఆ గొంతు చూసి తొమ్మిదిమందిలో ఎవరైనా ‘ఇది ఫలానా జింక’ అని ఒట్టేసి చెబుతారు.

కృష్ణవేణి అడిగింది ఒకే ఒక్క మాట: ఎప్పటికి కావాలి? ఏప్రిల్ ఆఖరి శనివారం అన్నాడు రే. కొత్త తల ఏదైనా గోడెక్కేది ఆ రోజే. ఆమె లెక్కేసుకొని, అవుతుంది అంది. ఆయన ఇంకో పావుగంట మాట్లాడి వెళ్ళాడు.

చచ్చిన జంతువు తోలు తీసి, శుద్ధి చేసి, అచ్చు మీద తొడిగి, బతికున్నట్టు నిలబెట్టే ఈ పని కృష్ణవేణికి ఎవరూ నేర్పలేదు. నరసరావుపేటలో వాళ్ళమ్మ జాకెట్లు కుట్టే కొట్టులో పెరిగింది. పెళ్ళై జితేందర్ వెంట నేపర్‌విల్ వచ్చాక, వీసా ఒప్పుకోదు కనక ఉద్యోగం లేదు. తొమ్మిదేళ్ళు ఇల్లు, కూతురు కృతి, కుట్టుమిషను. ఒక ఆదివారం ఆ డైనర్‌కే కాఫీకని వెళ్ళారు. ఎదురుగా గోడ మీద జింక తల. దాని కళ్ళు రెండూ రెండు దిక్కులు చూస్తున్నాయి. మెడ వెనక కుట్టు మూటకట్టిన గోనెసంచిలా ఉబ్బి ఉంది. ఆమె కాఫీ చల్లారిపోయింది.

‘ఇంత పాడు కుట్టు కుట్టి డబ్బులెలా తీసుకున్నాడండీ’ అంది. జితేందర్ నవ్వి ఊరుకున్నాడు. ఆమె ఊరుకోలేదు. లైబ్రరీ పుస్తకాలు తెచ్చింది, వీడియోలు చూసింది, మొదట ఒక ఉడుత మీద చెయ్యి పెట్టింది. అది పన్ను పీకించుకొని వచ్చిన గుమాస్తాలా తయారైంది. రెండోది కొంచెం నయం. పదో ఉడుతకి మీసాలు సరిగ్గా కుదిరాయి. గ్రీన్‌కార్డు వచ్చాక లైసెన్సు తీసుకొని గరాజ్‌లో బల్ల వేసింది. ఆ డైనర్ జింక కళ్ళు కూడా ఆమే సరిచేసింది, ఎవరూ అడక్కుండానే.

తెలుగువాళ్ళ పుట్టినరోజు పార్టీల్లో ఆమె మీద ఒక మాట ఎప్పుడూ ఉంటుంది. జితేందర్ ఆఫీసు స్నేహితుడు రవికాంత్ అయితే, ‘మీ ఇంటికొస్తే ముందు ఎవరు బతికున్నారో చూసుకొని అప్పుడు నమస్కారం పెట్టాలి వదినా’ అంటాడు. ఆమె నవ్వి, అతని ప్లేటులో ఇంకో గారె వేస్తుంది. మాటకి మాట అనే తీరిక ఆమెకు లేదు. వీలున్న పొద్దుటి పూటల్లో అడవి అంచున కారాపుకొని కూర్చుంటుంది, బతికున్న జింక తల తిప్పినప్పుడు కంటి కింది రెప్ప ఎలా మడతపడుతుందో చూడటానికి.

ఆ నవంబరు మొదటివారంలోనే జితేందర్ తల్లి సీతమ్మ జగిత్యాల నుంచి వచ్చింది. ఆరు నెలలుండాలని టికెట్. పది రోజులయ్యేసరికే ఆమెకి ఇల్లు కొలత తెలిసిపోయింది. హాల్లోంచి వంటింటికి ఇరవై రెండడుగులు, వంటింట్లోంచి కిటికీకి తొమ్మిది. బయట చలి, లోపల హీటరు. వంట చేద్దామంటే నలుగురు తినే వంటకి అరగంట చాలు. టికెట్ ఫిబ్రవరికి జరపమని కొడుకుతో రోజూ అంటూనే ఉంది.

రే జింక తోలు మీద కృష్ణవేణి సన్న ఉప్పు చెయ్యి నిండా తీసుకొని రుద్దింది. చెవుల్లో, పెదవుల మడతల్లో, కళ్ళ చుట్టూ. నీరు కారిపోయేలా ఏటవాలు చెక్క మీద పరిచింది. ఒక రోజాగి ఆ ఉప్పు దులిపి కొత్త ఉప్పు పట్టించాలి. మర్నాడు శనివారం కృతికి ఇండియానాపొలిస్‌లో వాలీబాల్ పోటీలు. తల్లీ తండ్రీ ఇద్దరూ వెళ్ళాలి, ఆదివారం సాయంత్రానికి గాని రారు. బయల్దేరే ముందు కృష్ణవేణి కొత్త ఉప్పు పట్టించి, గరాజ్‌లోకి వెళ్ళాల్సిన పని లేదని అత్తగారికి చెప్పింది. కానీ రెండో ఫ్రిజ్ గరాజ్‌లోనే ఉంది, పాలు ఆ ఫ్రిజ్‌లోనే ఉన్నాయి.

జగిత్యాలలో మేకనో పొట్టేలునో కోసిన ఇంట్లో మాంసం మిగిలితే ఒరుగులు పెడతారు. సన్నగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దారానికి గుచ్చి మిద్దె మీద ఎండకి కడతారు. నలభై ఏళ్ళుగా ఆ పని సీతమ్మదే. ఆమె పెట్టిన ఒరుగులకి పురుగు పట్టిందన్న మాట ఆ వాడలో ఎవరూ అనలేదు. పాలకని వెళ్ళిన సీతమ్మ చెక్క మీది తోలు చూసింది. ఉప్పుంది, పసుపు లేదు. కోడలు హడావిడిలో మరిచిపోయిందనుకుంది. ఊరి నుంచి తెచ్చుకున్న కొమ్ముల పసుపు పొడి పావుకిలో పొట్లం విప్పి ఉప్పులో కలిపి, తోలుకి ఇటూ అటూ శ్రద్ధగా పట్టించి, నాలుగు మడతలు వేసి, పైన బియ్యం బస్తా బరువు పెట్టింది. చాలా రోజుల తర్వాత ఒళ్ళు వంచి చేసిన పని. ఆ రాత్రి బాగా నిద్రపట్టింది.

ఆదివారం సాయంత్రం కృష్ణవేణి బియ్యం బస్తా ఎత్తి, మడతలు విప్పింది. గోధుమరంగు వెంట్రుకలున్నచోట ఏమీ తెలియడం లేదు. గొంతు కింద ఉండాల్సిన రెండు తెల్ల పట్టీలు మాత్రం పెళ్ళికూతురి పసుపు బట్టల్లా ఉన్నాయి.

‘అత్తమ్మా, దీనికి పసుపు ఎవరు పెట్టారు?’

‘నేనే పెట్టిన బిడ్డా. ఉత్త ఉప్పు ఏసి పోతివి. పురుగు పడితె ఎట్ల?’

కృష్ణవేణి తోలు మీదికి వంగింది. గొంతు దగ్గర వెంట్రుకలు నాలుగు వేళ్ళతో పట్టుకొని లాగి చూసింది. ఒక్కటి ఊడలేదు. తోలు గట్టిగానే ఉంది. అది చూసి సీతమ్మ, ‘సూసినవా’ అంది. కోడలి ముఖం చూశాక ఆ మాట సగంలో ఆగిపోయింది.

చల్లటి నీళ్ళు మూడుసార్లు మార్చి కడిగింది కృష్ణవేణి. నీళ్ళు పచ్చబడ్డాయి, పట్టీలూ పచ్చగానే ఉన్నాయి. శుద్ధి కోసం తోలు యాసిడ్ కలిపిన పులుపునీళ్ళ తొట్టిలో నానే వారం రోజుల్లో ఏమైనా దిగుతుందేమో చూద్దామనుకుంది. వారం తర్వాత తీసి, వెనక వైపు కత్తితో కాగితంలా పలచన చేసింది. పచ్చదనం ఒక వన్నె తగ్గింది, అంతే. ఇక పులుపు విరగడానికి వంటసోడా నీళ్ళలో ముంచాలి. ఎన్నోసార్లు చేసిన పనే కనక ఆలోచించకుండా ముంచింది.

రెండు పట్టీలూ కళ్ళెదుటే ఎర్రబడ్డాయి.

గుమ్మంలో నిలబడి చూస్తున్న సీతమ్మ చేత్తో నోరు మూసుకుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రనీళ్ళవుతాయని తెలియని తెలుగు ఇల్లు లేదు. దిష్టి తీసే నీళ్ళు అలాగే చేస్తారు. సోడా చేసిన పనీ అదే. నరసరావుపేటలో పుట్టిన కృష్ణవేణికి ఆ సంగతి తొట్టిలో చేతులు పెట్టాక గుర్తొచ్చింది. ఆమె ఎర్రటి గొంతు వంక కాసేపు చూసి, తొట్టి అంచు మీద మోచేతులు ఆనించి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఆగలేదు. సీతమ్మ అనుమానంగా చూసి, తిట్టడం లేదని నమ్మకం కుదిరాక తనూ నవ్వింది.

‘దుప్పికి దిష్టి తీసినట్టయింది బిడ్డా’ అంది. ‘ఇగ దీనికి ఎవ్వని కన్ను తాకది.’

వెనిగర్ కలిపిన నీళ్ళు పొయ్యగానే ఎరుపు పోయి మళ్ళీ పసుపొచ్చింది. ఎక్కడ మొదలుపెట్టారో అక్కడికే వచ్చారు.

భోజనాల దగ్గర జితేందర్ తేలిగ్గా ఒక దారి చెప్పాడు. ఈ పనిలో తోలు పాడైతే అదే సైజుది ఇంకోటి ఆన్‌లైన్‌లో తెప్పించి తొడగడం మామూలే. ‘ఆర్డర్ చేసేయ్ వేణీ. కొమ్ములు ఆయనవే కదా. ఎవనికి తెలుస్తది?’

‘రెండు పట్టీలున్నది దొరుకుతుందా?’

‘దొరకకపోతే ఒక పట్టీ పెయింట్ చెయ్. స్ప్రే ఉంది కదా నీ దగ్గర.’

ఆమె పప్పన్నం కలుపుకుంటూ, ఆ డైనర్‌కి తనూ వెళ్ళి కాఫీ తాగాలి కదా అంది. అక్కడితో ఆ మాట అయిపోయింది. మర్నాడు రేకి ఫోన్ చేసింది.

రే వచ్చాడు. జింక తోలు బల్ల మీద పరిచి ఉంది. ఎవరు, ఎందుకు, ఎలా అన్నీ కృష్ణవేణి వరసగా చెప్పింది. ఇలాంటివి చాలామంది తెల్ల రంగు కొట్టి సరిపెడతారని కూడా దాచలేదు. రే ఆ పచ్చటి గొంతు వంక చూస్తూ నిలబడ్డాడు. రెండు పట్టీల మీదా వేలు నడిపి చూశాడు. ఆఖరికి చెప్పాడు. రంగు వద్దు. రంగు కొట్టిన జింక గోడెక్కితే ఆ ఎనిమిదిమందీ తను చచ్చేదాకా అదే మాట్లాడతారు. ఏప్రిల్ నాటికి తనంతట తాను తెల్లబడితే సరే. లేకపోతే చెక్క ఖాళీగానే ఉంటుంది, ఇరవయ్యో యేడూ గాలే వేలాడుతుంది.

‘ఏమంటుండు?’ అంది సీతమ్మ. కోడలు చెప్పింది. సీతమ్మ రే వంకే తిరిగి, ఆయనకి తెలుగొచ్చినట్టే చెప్పింది: ‘తెల్ల బట్టకు పసుపైతె ఏం జేస్తం అయ్యా? ఎండల ఏస్తం. నాలుగెండలు తాకితె ఆడికాడికే పోతది. దీనికి గింత ఫికరెందుకు?’

కృష్ణవేణి ఇంగ్లీషులో చెప్పాక రే కిటికీలోంచి బయటికి చూశాడు. డిసెంబరు. మోకాలి లోతు మంచు. ఆకాశం సత్తుగిన్నె మూతలా ఉంది. ఏ ఎండ అని అడిగాడు. ముగ్గురికీ ఒకేసారి నవ్వొచ్చింది.

సీతమ్మ చెప్పింది నిజమే. పసుపు ఎండకి నిలవదు. కానీ కృష్ణవేణికి ఇంకో సంగతి తెలుసు. అచ్చు మీద తొడిగిన తోలు నీడలో, చల్లగా, నెమ్మదిగా ఆరాలి. ఎండ తగిలితే బిగుసుకుపోతుంది. కంటి రెప్పలు వెనక్కి లాగేసుకుంటాయి, చెవులు అప్పడాల్లా ముడుచుకుంటాయి. గొంతుకి ఎండ కావాలి, ముఖానికి నీడ కావాలి. రెండు రాత్రులు ఆలోచించి వరస కట్టుకుంది. ముందు తొడగడం, నీడలో ముఖం గట్టిపడేదాకా ఆగడం, ఆ తర్వాత ఒక్క గొంతుకే ఎండ.

జనవరిలో తొడిగింది. గాజు కళ్ళు మట్టిలో కూర్చోబెట్టడానికే ఒక రోజంతా పట్టింది. తల ఎటు వంగినా జింక కంటిపాప నేలకి సమానంగా అడ్డంగా ఉండాలి. ఆ ఒక్కటీ తప్పితే మిగతా పనంతా బూడిదలో పోసిన పన్నీరు. కింది రెప్పకి ఒక వెంట్రుకంత మందం, కంటి మూల చిన్న గుంట, ముక్కుపుటాల లోపల కూడా తోలు మడిచి అతికించడం. పై పెదవి కింద వేలు పెట్టి చూస్తే గాని ఎక్కడ దోపిందో తెలియకూడదు. మెడ వెనక కుట్టు పొడుగ్గా వెళ్ళింది. గోరంత పొడవులో మూడు పోట్లు, ప్రతి పోటు దగ్గరా చిక్కుకున్న వెంట్రుక సూదిమొనతో పైకి తియ్యడం. అయ్యాక కళ్ళు మూసుకొని కుట్టు మీద వేలు నడిపింది. ఒకచోట వేలు తట్టుకుంది. ఆరు పోట్లు విప్పి మళ్ళీ కుట్టింది.

సీతమ్మ పక్కనే స్టూలు వేసుకొని రోజంతా చూసింది. సాయంత్రం లేస్తూ ఒక్క మాటే అంది: ‘ఇంత పని అని నాకెవ్వరు చెప్పలె.’

ఇంట్లో దక్షిణం ఎండ పడేది ఒక్క గదిలోనే, అది సీతమ్మ గది. ఫిబ్రవరి రెండోవారంలో, ముఖం గట్టిపడ్డాక, జింక అక్కడికి చేరింది. కృష్ణవేణి దాన్ని చక్రాల బల్ల మీద వెల్లకిలా, గొంతు పైకి వచ్చేలా బిగించింది. ముఖం కప్పడానికి మెత్తటి గుడ్డ వెతుకుతుంటే సీతమ్మ తన పాత నూలు చీర చించి ఇచ్చింది. రెండు మడతలు వేసి, మరీ ఎండిపోకుండా అంచు తడిపి, కళ్ళకీ చెవులకీ చుట్టారు. గొంతు మీద ఒక మూల పోస్టు బిళ్ళంత మందపు కాగితం పిన్నుతో గుచ్చింది కృష్ణవేణి. వారానికోసారి ఆ కాగితం ఎత్తి చూస్తే, కప్పినచోటుకీ కప్పనిచోటుకీ తేడా తెలుస్తుంది. కంటితో చూసి ‘తగ్గినట్టుంది’ అనుకోవడం ఆమె పద్ధతి కాదు.

మిగతా పని సీతమ్మ తీసుకుంది. షికాగో ఎండ జగిత్యాల ఎండ కాదు. కిటికీలోంచి చాపంత పడుతుంది, తివాచీ మీద పాకుతూ పోతుంది, ఉన్నట్టుండి మబ్బు పట్టి మాయమవుతుంది. తొమ్మిదింటికి ఎండ గోడ దగ్గర మొదలైతే ఆమె బల్లని గోడ దగ్గరికి తోసేది. అరగంటకోసారి రెండడుగులు. మూడింటికి తలుపు దగ్గరికి చేరేవాళ్ళు ఆమే, ఎండా, జింకా. కృతి స్కూలు నుంచి వచ్చి తొంగిచూసి, నానమ్మ డీర్‌ని వాకింగ్‌కి తీసుకెళ్తోందని స్నేహితులకి మెసేజ్ పెట్టేది.

జగిత్యాల చెల్లెలితో వీడియో కాల్ కూడా ఆ ఎండలోనే. మొదటిరోజు చెల్లెలు ఫోన్లో కళ్ళు చిట్లించి, ‘అక్కా, నీ పక్కన మొకానికి గుడ్డ కప్పుకొని పండుకున్నదెవరే?’ అని అడిగింది.

‘చుట్టం’ అంది సీతమ్మ. ‘జర ఒంట్లె బాగలేదు.’

‘కొమ్ములున్నయేందే?’

‘అమెరికా చుట్టాలు గట్లనే ఉంటరు.’

మొదటి వారం కాగితం ఎత్తితే తేడా లేదు. ఆ వారం ఎండ కాసింది ఒక్క పూట. రెండో వారానికి కాగితం అంచు వెంబడి సన్నటి గీత కనిపించింది, ఉందా లేదా అన్నట్టు. మార్చిలో వరసగా అయిదు రోజులు మంచి ఎండ. కాగితం ఎత్తితే కింద పోస్టు బిళ్ళంత పసుపు స్పష్టంగా, చుట్టూ మీగడ రంగు. సీతమ్మ ఆ బిళ్ళ మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. ఆ వారమే జితేందర్ ఆఫీసు నుంచి వస్తూ, టికెట్ ముందుకి జరపడానికి సీట్లు ఉన్నాయమ్మా అన్నాడు.

‘ఎక్కడికి జరుపుతవు? నా పని కాలె’ అంది సీతమ్మ, బల్ల తోస్తూ.

ఏప్రిల్ మొదటివారానికి పట్టీలు రెండూ తెల్లబడ్డాయి. మీగడ కాదు, తెలుపు. కాగితం తీసేశారు. ఇక ఆ బిళ్ళంత మచ్చ పోవాలి. దానికి నాలుగైదు రోజుల గట్టి ఎండ కావాలి. సరిగ్గా అప్పుడే మబ్బు పట్టింది. తొమ్మిది రోజులు ఒకటే ముసురు. సీతమ్మ పొద్దున్నే కిటికీ దగ్గర నిలబడి ఆకాశాన్ని జగిత్యాల భాషలో తిట్టేది. రే ఫోన్ చేసి ఎలా ఉందని అడిగితే, కృష్ణవేణి ఉన్నదున్నట్టు చెప్పింది: అంతా తెల్లబడింది, ఒక్క బిళ్ళంత తప్ప. ఆయన, అంతమాత్రం ఎవరికి కనబడుతుంది, ఇచ్చెయ్యి అన్నాడు. ఆమె, నాకు కనబడుతోంది అంది. ఇంకా పది రోజులుంది కదా అని పెట్టేసింది.

పదోరోజు తెల్లవారేసరికి గది నిండా ఎండ. ఏప్రిల్ ఎండ, చురుక్కుమనేది. సీతమ్మ మొహం కూడా కడుక్కోకుండా బల్ల కిటికీ దగ్గరికి తోసింది. కృష్ణవేణి ముఖం మీది గుడ్డ మళ్ళీ తడిపి కట్టింది. ఆ రోజూ, మర్నాడూ, ఆ మర్నాడూ ఎండ కాసింది. నాలుగోరోజు మధ్యాహ్నం ఇద్దరూ కూర్చొని మచ్చ వెతికారు. సీతమ్మ కళ్ళద్దాలు పెట్టుకొని చూసింది. కృష్ణవేణి వెంట్రుకలు ఎదురు దువ్వి, మొదళ్ళ దాకా విడదీసి చూసింది. ఎక్కడుండేదో ఇద్దరూ చెరొక చోటు చూపించారు.

ఆ తర్వాత చెయ్యాల్సింది కొంచెమే. కళ్ళ చుట్టూ, ముక్కు మీద ఆరిపోయిన చర్మానికి తడి మెరుపు, కంటి గాజు మీది దుమ్ము తుడవడం, ఒళ్ళంతా ఒకసారి దువ్వడం. ముఖం మీది చీర ముక్క విప్పితే రెప్పలు ఎక్కడ పెట్టినవి అక్కడే ఉన్నాయి. చెవి కొస, తిరగెయ్యడానికి గంట పట్టిన ఆ కొస, నిటారుగా ఉంది. జింక ఏదో చప్పుడు విని ఇప్పుడే తల తిప్పినట్టుంది. రవికాంత్ ఆ సాయంత్రం ఏదో పనిమీద వచ్చి హాల్లో దాన్ని చూసి, గుమ్మంలోనే ఒకడుగు వెనక్కి వేశాడు. వదినా, ఇది నిజంగా కదిలింది అన్నాడు. ఈసారి హాస్యం కాదు.

ఏప్రిల్ ఆఖరి శనివారం పొద్దున ఎనిమిదింటికి రే తన ట్రక్కులో వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గరాజ్ తలుపు పైకి లేచింది. జింక బల్ల మీద, ఎండకి ఎదురుగా, రెండు తెల్ల పట్టీలతో ఉంది.

రే వెంటనే దగ్గరికి రాలేదు. అటు నుంచి చూశాడు, ఇటు నుంచి చూశాడు. తర్వాత వచ్చి, జేబులోంచి తెల్ల రుమాలు తీసి వేలికి చుట్టుకొని, గొంతు వెంట్రుకల్ని ఎదురు రుద్ది, రుమాలు చూసుకున్నాడు. రంగు లేదు, పొడి లేదు. మెడ వెనక చెయ్యి పెట్టి కుట్టు వెతికాడు. పైనుంచి కిందికి, కిందనుంచి పైకి. దొరకలేదు. ఎక్కడ అని అడిగాడు. కృష్ణవేణి చెప్పలేదు. అడిగినవాళ్ళకి చెప్పేటట్టయితే అంత కష్టపడి దాచడం దేనికి?

‘వీడు వాడే’ అన్నాడు రే, రైల్వే గొంతుతో కాదు, మామూలుగా. అదే జింకని మళ్ళీ మళ్ళీ చూశాడు. చాక్‌పీసు కూడా జేబులో తెచ్చాడట. గాలి గురించి రాసినవాడెవడో కనిపెట్టి, వాడి చేతికే ఇస్తాడట.

అప్పుడు సీతమ్మ, ఇంత అందంగా ఉన్నదాన్ని తొమ్మిదిమంది మగవాళ్ళ కళ్ళెదుట పెడుతున్నారు, దిష్టి తియ్యాలంది. ఎర్రనీళ్ళు కలుపుకొస్తానని వంటింటి వైపు తిరిగింది. కృష్ణవేణి చేతిలో దువ్వెన వదిలేసి రెండంగల్లో ఆమె కొంగు పట్టుకుంది.

‘అత్తమ్మా, ఇవాళ్టికి పసుపు వద్దు. మీకు దండం పెడతాను.’

సీతమ్మ ఒక్క క్షణం ఆలోచించి, పక్కనున్న డబ్బాలోంచి పిడికెడు ఉప్పు తీసుకుంది. అదే ఉప్పు, తోలుకి పట్టించేది. ‘ఉత్త ఉప్పే, చూసుకో’ అని పిడికిలి విప్పి కోడలికి చూపించి, మళ్ళీ మూసి, జింక చుట్టూ మూడుసార్లు తిప్పింది. రే ఎందుకో అడక్కుండానే టోపీ తీశాడు. ‘ఊళ్ళోళ్ళ దిష్టి, డైనరోళ్ళ దిష్టి’ అంటూ ఆమె ఉప్పు బయట గడ్డిలో పారేసి, చేతులు దులుపుకొని వచ్చి, ఇక తీసుకుపోవచ్చని రేకి చెయ్యి ఊపింది.

కృష్ణవేణి జింకని రెండు చేతులా ఎత్తి, కొమ్ములు ఆయన గడ్డానికి తగలకుండా పక్కకి తిప్పి, రే చేతుల్లో పెట్టింది.